ఊక గోడలు

మా మేనత్త పోయిందని అమ్మ ఫోన్ చేసేసరికి నేను మహబూబాబాద్‌లో మా ఇంటి మెట్ల మీద కూర్చుని చెప్పులు వేసుకుంటున్నాను. రాత్రి అన్నం తిని, వాకిట్లో మంచం వేయించుకుని పడుకుందట. తెల్లవారి లేవలేదు. "నొప్పి లేదు, బాధ లేదు బిడ్డా. నిద్రల్నే పోయింది," అంది అమ్మ. ఆ వేళకు అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా వెనక పక్కింటి మగ్గం చప్పుడు వినిపిస్తుంది. ఆ రోజు వినిపించలేదు. అప్పుడు నాకు నిజమనిపించింది.

తొర్రూరు మీదుగా బస్సులో ఊరికి బయల్దేరాను. కిటికీలోంచి చూస్తే దారి పొడవునా సగం లేచిన ఇళ్లు, ఇనుప చువ్వలు పైకి చాచుకున్న పిల్లర్లు, హద్దురాళ్లు పాతిన ఖాళీ జాగాలు. ఖాళీ జాగా కనపడితే నాకు ఖాళీగా కనపడదు. ఇది వంటిల్లు, ఇది నడిమి అర్ర, ఇక్కడ తలుపు అనుకుంటూ కళ్లతో లోపల తిరిగి వస్తాను. ఈ అలవాటు నాకు మా అత్త చేసింది. ఆ రోజు బస్సులో కళ్లు తుడుచుకుంటూ కూడా అదే పని చేశాను.

మా అత్త మా బాపుకు అక్క. కొడకండ్ల దగ్గరి మా ఊళ్లోనే ఇచ్చారు కాబట్టి ఆమెకు పుట్టిల్లూ అత్తిల్లూ పక్క పక్క గల్లీలే. ఒక దఫా సర్పంచ్ పదవి ఆడవాళ్లకు వచ్చినప్పుడు, గొంతు పెద్దదని ఊరు ఆమెను నిలబెట్టింది. పెత్తనం మా మామ చేస్తాడని అందరూ అనుకున్నారు. కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లు. ఆయన బీడీ వెలిగించుకుని, "నాకేమెరుక? పోయి ఆమెనడుగు. నాకు గూడ ఒక పని ఉన్నది, జర అడిగి పెట్టు," అనేవాడు. ఊరు నవ్వుకుని ఆమె దగ్గరికే పోవడం నేర్చుకుంది.

పంచాయతీలో ఇంటి పర్మిషన్ అంటే మీకు తెలిసే ఉంటుంది. జాగా కాగితాలు, జనగామలో గీయించిన ప్లాను పెట్టి దరఖాస్తు ఇవ్వాలి. సెక్రటరీ వచ్చి రోడ్డు వెడల్పు చూస్తాడు, ముందు ఎంత వదిలారో వెనక ఎంత వదిలారో కొలుస్తాడు. పంచాయతీ మీటింగులో పెడతారు. వార్డు మెంబర్లు చాయ తాగి తలలూపుతారు, తీర్మానం రాస్తారు, సంతకాలవుతాయి. ఇంతే. ప్లాను కాగితం ఎవరూ విప్పి చూడరు, చూసినా అర్థం కాదు. మా అత్తకూ అర్థం కాలేదు. ఆమె దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "సారూ, ఇది ఇల్లా, దోమతెరనా?" అని సెక్రటరీ సారును అడిగిందట. తర్వాత ఆ సారు ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వాడో లెక్క లేదు.

అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. దరఖాస్తు ఇచ్చినవాళ్లు తమ జాగాలో కట్టబోయే ఇంటిని నేల మీద గీసి చూపించాలి. ప్రతి గోడా, ప్రతి తలుపూ, మెట్లూ, బాత్రూమూ. పెద్దమనుషులు ఒప్పుకోలేదు. ముగ్గు పోయడమంటే ముహూర్తం ఉంటుంది, కొబ్బరికాయ ఉంటుంది, పర్మిషన్ రాకముందే ఎట్లా పోస్తామన్నారు. ఆమె ఆలోచించి, "అయితే ముగ్గు వద్దు. ఊక పోయుండ్రి," అంది. రైస్ మిల్లు వెనక ఊక గుట్టలుగా పడి ఉంటుంది, ఎవరూ అడగరు. వరి ఊకకు ముహూర్తమేముంటుంది? అట్లా మా ఊళ్లో ప్రతి ఇల్లూ ముందు ఊకతో లేచింది.

సాయంత్రం ఎండ వాలే వేళ అత్త వచ్చేది. ఆ వెలుతురులో ఊక గీతలు పసుపు పచ్చగా మెరిసేవి. నేల మీద పడుకుని ఉన్న ఇల్లు మెల్లగా లేస్తున్నట్టు ఉండేది. ఇంటివాళ్లు, అటు పక్క వాళ్లు, ఇటు పక్క వాళ్లు, వార్డు మెంబరు, సెక్రటరీ సారు అందరూ రావాలి. వచ్చినవాళ్లు తలుపు నుంచే లోపలికి రావాలి. అది ఆమె పెట్టిన మొదటి షరతు. ఎవరైనా మరిచిపోయి ఊక గీత దాటి అడుగు వేస్తే, "ఏందివయ్యా, గోడల నుంచి వస్తున్నవ్? దయ్యానివా?" అని అరిచేది. ఎంత పెద్ద మనిషైనా వెనక్కి తిరిగి, చుట్టూ నడిచి, తలుపు నుంచి రావాల్సిందే. నూకలు ఏరుకోవడానికి కోళ్లు గోడల్లోంచి వచ్చేవి. వాటినీ వదిలేది కాదు. "హుష్! తలుపు అటున్నది," అని చెయ్యి చూపించేది. కోళ్లు ఆమె మాట వినేవి కావు, అదొక్కటే ఆమె పరిపాలనలో లోటు.

ప్రతి అర్రలోనూ కింద కూర్చునేది. ఇంటామెను వంటింట్లో కూర్చోబెట్టి, "ఏం కూర చేస్తున్నవ్?" అని అడిగేది. ఆమె సిగ్గుపడుతూ చింతచిగురు అనో, పప్పుచారు అనో చెప్పేది. "పొగ ఎటు పోతది?" అంటే లేచి చుట్టూ చూసేది. అప్పుడు పక్కింటావిడ, "మా వాకిట్లకే వస్తది," అనేది. వాన పడితే మీ చూరు నీళ్లు ఎటు పోతయి, మీ మెట్లు ఈడికి వస్తే ట్రాక్టర్ ఎట్ల మలుగుతది, ఈ కిటికీ తెరిస్తే ఎవ్వల స్నానాల దడి కనపడ్తది. ఇవీ ఆమె ప్రశ్నలు. జవాబులు ఆమె చెప్పేది కాదు. ఆ ఇంట్లో కాసేపు కూర్చున్నవాళ్లే చెప్పేవాళ్లు. ఒక ఇంటి మెట్లు అట్లా కూర్చున్నచోటే ఇటు నుంచి అటు మారాయి. ఒక కిటికీ తగువు పిడికెడు ఊక తీసి పక్కకు వేయడంతో తీరిపోయింది. "కట్టినంక గోడతోని కొట్లాడలేం. ఊకతోనైతే కొట్లాడొచ్చు," అనేది. కొట్లాటలు అయ్యేవి కూడా. కానీ లేని ఇంట్లో కూర్చుని ఎంతసేపని కొట్లాడతారు? మధ్యలో ఎవరికో నవ్వు వచ్చేది.

నాకు అప్పుడు ఇంటర్మీడియట్. కాలేజీ నుంచి వచ్చి ఆ ఊక ఇళ్లల్లో తిరగడమంటే పిచ్చి ఇష్టం. పైకప్పు లేని అర్రలో కూర్చుంటే ఆకాశం మొత్తం ఆ ఇంటిదే అనిపించేది. గోడలు లేకపోయినా లోపలున్నవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. పక్క అర్రలో వాళ్లకు వినపడకూడదని చెవిలో చెప్పుకునేవాళ్లు. ఇప్పటికీ నాకు కలలో వచ్చే ఇళ్లు అట్లాగే ఉంటాయి. గోడలుండవు, ఎవరూ గోడ దాటరు.

మా ఇంటి దరఖాస్తు వచ్చింది ఆ సంవత్సరమే. పాత పెంకుటిల్లు తీసేసి, పక్కనున్న మా ఖాళీ జాగాలో స్లాబు ఇల్లు కట్టాలని బాపు పట్టుదల. ఉత్తరం వైపు చివర ఒక చిన్న అర్ర నాకు. చదువుకోవడానికి, తలుపేసుకోవడానికి నాదంటూ ఒక అర్ర. ఆ అర్రకు ఏ రంగు వేయించాలో కూడా నేను అనుకుని పెట్టుకున్నాను.

ఆ వైపు హద్దుకు ఆనుకునే మగ్గం అక్క ఇల్లు ఉంది. ఊరంతా ఆమెను అట్లాగే పిలిచేది. ఒక్కటే పెద్ద అర్ర, అందులో గుంట మగ్గం, మా జాగా వైపు ఒక్కటే కిటికీ. ఆమె భర్త సూరత్‌లో మిల్లు పనికి పోయి ఉన్నాడు. ఆమె మాత్రం పోనని ఇక్కడే ఉండి చీరలు నేస్తోంది. మా జాగా ఖాళీగా ఉన్నన్నాళ్లు ఆ కిటికీ నిండా వెలుతురు. మా ఉత్తరం గోడ లేస్తే ఆ కిటికీ ముందు ఇక గోడే.

సెక్రటరీ సారు కొలిచి చూశాడు. ముందు వదలాల్సింది వదిలాం, వెనక వదిలాం. "ప్లాటు చిన్నది మేడం, పక్కలకు వదలాలని రూల్ లేదు. కాగితం ప్రకారం తప్పు లేదు," అన్నాడు. అత్త తలూపింది. ఊక పోయమంది.

ఆ సాయంత్రం మా ఊక ఇంట్లో అందరం కూర్చున్నాం. అమ్మ వంటింట్లో, బాపు నడిమి అర్రలో, నేను నా అర్రలో. నా అర్రలో కూర్చుంటే మగ్గం అక్క కిటికీ చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. అత్త మగ్గం అక్కను పిలిచి, ఏమన్నా చెప్పేదుంటే చెప్పమంది. ఆమె మా తలుపు నుంచి లోపలికి వచ్చి, ఒక మూలకు నిలబడింది.

"చెప్పనీకేమున్నది సర్పంచమ్మా. వాళ్ల జాగ వాళ్లది," అంది.

"ఎవ్వల జాగ ఎవ్వలదో సారు కొలిచిండు. నీ సంగతి చెప్పు."

"బల్బు కింద ఎర్రది, కాఫీ రంగుది ఒక్క తీరుగనే కనపడ్తయి. పోగు తెగితే దొరుకది. కరెంటు పోతే ఇగ అంతే. మగ్గం బందయితే నేను గూడ సూరత్ పోవాలె. గంతే." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉన్నా బాగుండేది.

బాపుకు కోపం వచ్చింది. "అక్కా, నా జాగల నేను కట్టుకుంటున్న. కాయిదం సక్కగ లేదా?"

"ఉన్నది."

"మరి సంతకం పెట్టు."

"పెడ్త. ఒక్కసారి పోయి ఆమె అర్రల కూసొని రా."

"నేనెందుకు కూసుంట? నువ్వు సర్పంచ్‌వా, నాకు అక్కవా? ముందుగాల గది చెప్పు!"

"గీ గడప లోపట సర్పంచ్‌నే. గడప దాటి బయిటికి రా, అక్కనైత."

బాపు కండువా దులుపుకుని లేచాడు. విసవిసా నడుచుకుంటూ ముందు గోడ మీదుగా కాలు వేశాడు.

"తమ్మీ! గోడల నుంచి పోతున్నవ్," అంది అత్త.

ఒక కాలు గోడ అవతల, ఒక కాలు ఇవతల పెట్టి బాపు ఆగిపోయాడు. ఏమనుకున్నాడో తెలియదు, కాలు వెనక్కి తీసుకున్నాడు. నడిమి అర్రలోకి వచ్చి, తలుపు దగ్గరికి నడిచి, మా బాపు పొడగరి కదా, లేని దర్వాజాకు తల తగలకుండా వంగి మరీ బయటికి పోయాడు. తర్వాత మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, సెక్రటరీ సారు ఆకాశంలోకి చూశాడు, మగ్గం అక్కతో సహా అందరం పగలబడి నవ్వాం. బాపు మూల మలుపు దగ్గర నిలబడి తిరిగి చూశాడు. ఆయనా నవ్వుతున్నాడేమో, అంత దూరం నుంచి తెలియలేదు.

నవ్వులు తగ్గాక అమ్మ లేచింది. తలుపు నుంచి బయటికి పోయి, మగ్గం అక్క వెంట ఆమె ఇంట్లోకి వెళ్లింది. నేనూ వెనకే పోయి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అమ్మ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. బయట అత్త ఏదో సైగ చేసింది. వడ్లు ఆరబోసే పరదాను ఇద్దరు మనుషులు ఊక గీత మీద గోడంత ఎత్తుకు పట్టుకున్నారు. అర్ర ఒక్కసారిగా మసకబారింది. మగ్గం మీద చీర రంగు పోయింది, పోగులు పోయాయి, నాకు అమ్మ మొహం కూడా సరిగ్గా కనపడలేదు.

"చెల్లే, ఏడున్నవ్?" అంది అమ్మ.

"నీ పక్కనే ఉన్న అక్కా."

పరదా దించేశారు. అమ్మ బయటికి వచ్చి మా ఊక వంటింట్లో కూర్చుంది. అత్త అందరినీ పంపించేసి, "మీటింగ్ ఎల్లుండి. ఆలోచన చేసుకోండ్రి," అని తానూ వెళ్లిపోయింది.

మరుసటి రోజు పొద్దున నేను లేచి జాగా దగ్గరికి పోయేసరికి మా ఇల్లు మారిపోయి ఉంది. అమ్మ చేతిలో చీపురు. ఉత్తరం గోడను ఊడ్చుకుంటూ ఊడ్చుకుంటూ లోపలికి తెచ్చేసింది. అట్లా జరిపితే నా అర్ర లేదు, వంటిల్లు ఇరుకైంది. మగ్గం అక్క కిటికీకి, మా గోడకు మధ్య ఒక పొడవాటి సందు వచ్చింది. మంచులో అమ్మ పాదాల గుర్తులు, చీపురు గీతలు, పచ్చటి ఊక పొడి. బాపు అరుగు మీద కూర్చుని చాయ తాగుతూ చూస్తున్నాడు. "గోడ గిక్కడుంటేనే మంచిగున్నది," అంది అమ్మ ఆయన వైపు చూడకుండా. బాపు చాయ గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్లి, ఆమె వంకరగా ఊడ్చినచోట కాలితో ఊకను సరిచేశాడు.

పంచాయతీ మీటింగులో మా దరఖాస్తు వచ్చినప్పుడు అత్త కుర్చీలోంచి లేచి, ఉపసర్పంచ్‌ను కూర్చోమని, తాను వరండాలోకి వచ్చి నిలబడింది. తమ్ముడి ఇల్లు కాబట్టి తాను ఉండకూడదంది. లోపల మారిన ప్లాను చదువుతుంటే స్తంభానికి ఆనుకుని పైట కొసను వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఆమె అంత భయపడగా నేను మళ్లీ చూడలేదు. తీర్మానం అయిందని లోపలి నుంచి కేక వినిపించాక బాపు బయటికి వచ్చాడు. "ఇప్పుడు అక్కనా?" అని అడిగాడు. ఆమె ఆయన వీపు మీద ఒక్కటి చరిచి ఏడ్చేసింది.

నాకు మాత్రం నా అర్ర పోయినందుకు దుఃఖం ఆగలేదు. అత్త మీద అలిగాను. ఆమె నన్ను ఆ సందులోకి తీసుకుపోయి నిలబెట్టి, "నీ అర్ర ఎటు పోలేదు బిడ్డా. ఎండకు ఇచ్చినం అనుకో. అది కిరాయి ఇయ్యది, గని రోజూ వస్తది," అంది. అప్పుడు నాకు ఒళ్లు మండింది.

గోడలు లేచాక ఆ సందులో మేస్త్రీ విరిగిన ఇటుకలు పోయబోతే అత్త ఆపింది. ఆ సందు మొదట్లో, వీధి వైపు, ఒక గడప పెట్టమంది. తలుపు లేదు, దర్వాజా లేదు, ఉత్త గడప. మేస్త్రీ నవ్వాడు. "గడప ఉంటే అర్ర అంటరు. అర్రల ఎవ్వలు చెత్త ఎయ్యరు," అంది. నిజంగానే ఎవరూ వేయలేదు. అమ్మ ఇంటి గడపకు పసుపు రాసిన ప్రతిసారీ దానికీ రాసేది. రోజంతా ఉండే వెలుతురు పొద్దటి పూటకే మిగిలింది, అది నిజం. మగ్గం అక్క రంగుల పని పొద్దున పెట్టుకుని, మిగతాది మధ్యాహ్నానికి పెట్టుకుంది. సూరత్ పోలేదు.

అత్త దిగిపోయాక కొత్త సర్పంచ్‌లు వచ్చారు. ఇప్పుడు ఎవరూ ఊక పోయాలని అడగరు. కానీ మా ఊళ్లో ఇల్లు కట్టేవాళ్లు తమంతట తామే మిల్లు దగ్గరికి పోయి ఊక తెచ్చుకుంటారు, పక్కవాళ్లను పిలుస్తారు. చివరి రోజుల్లో కూడా ఆమెను చెయ్యి పట్టి నడిపించుకుని పోయేవాళ్లు. ఆమెకు కళ్లు సరిగ్గా కనపడేవి కావు. "తలుపేడున్నది?" అని అడిగి, తడుముకుంటూ తలుపు నుంచే వెళ్లేది.

నేను ఊరు చేరేసరికి వాకిలి నిండా జనం. అప్పటి సెక్రటరీ సారు భూపాలపల్లి నుంచి వచ్చాడు, జుట్టు నెరిసింది. "అక్కడ గూడ ఊక పోయిస్తున్నమ్మా. దోమతెర కథ చెప్తనే మొదలువెడ్త," అని నవ్వబోయి మొహం పక్కకు తిప్పుకున్నాడు. అత్తను ఎత్తుకునేటప్పుడు ఎవరో తొందరలో పక్క దారి చూపించబోతే, బాపు ఒక్కసారిగా, "తలుపుల నుంచే తీసుకపోవాలె!" అని అరిచాడు. అక్కడున్నవాళ్లలో తెలిసినవాళ్లందరూ ఏడ్చారు.

పుట్టింటివాళ్లం కాబట్టి వచ్చినవాళ్ల భోజనాలు మా ఇంటి దగ్గరే పెట్టాం. భోజనాలయ్యాక టెంట్ హౌస్ వాళ్లు కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఆ సందులో పేర్చి పోయారు. వాళ్లది పక్క ఊరు, వాళ్లకేం తెలుసు? ఆ హడావుడిలో మేమూ చూసుకోలేదు.

మరునాడు పొద్దున నేను పళ్లు తోముకుంటూ బయటికి వస్తే, మగ్గం అక్క తన వాకిట్లో ఊరికే నిలబడి ఉంది. ఆమెకూ జుట్టు నెరిసింది. సందు వైపు చూస్తోంది. అమ్మా బాపూ కూడా వచ్చారు. బాపు ఆ కుర్చీల గోడను చూసి, గడప దాటి లోపలికి పోయాడు. నాకొకటి, అమ్మకొకటి అందించడం మొదలుపెట్టాడు. మగ్గం అక్క అడ్డం వచ్చింది.

"ఇయ్యాల ఎందుకు బావా? ఇయ్యాల నేను నేస్తనా? సర్పంచమ్మ పోయి ఇంకా..."

"నేయవ్, ఎరుకే," అన్నాడు బాపు. "గని అది వస్తది గదా."

కుర్చీలన్నీ తీసేశాం. అమ్మ సందు ఊడ్చింది. గడప కడిగి, చెంబులో పసుపు తడిపి తెచ్చి రాసింది. మేం నలుగురం ఏం చేయాలో తెలియక వీధిలో ఒక పక్కకు నిలబడ్డాం, ఇంట్లోకి ఎవరో వస్తుంటే దారి ఇచ్చినట్టు. ఎదురింటి స్లాబు మీదుగా పొద్దు పొడిచింది. ఎండ వీధిలోకి దిగింది. తడి పసుపు మీద ఒక్క క్షణం నిలబడింది. తర్వాత గడప దాటి మెల్లగా లోపలికి వెళ్లింది.